పాటల టవరు వాక్యత్రయము – టీకా తాత్పర్యము

మూలము
"బావా, పాటల టవరు కాడికి పోతిమి. లోపలికి ఇడ్సలే. ఫోటో దిగి వస్తిమి."

అవతారిక
హాలీవుడ్‌లో వైన్ వీధినున్న క్యాపిటల్ టవరును దర్శించిన అనంతపురవాసి, ఊరిలోని బావకు ఫోనులో విన్నవించిన వాక్యములివి.

ప్రతిపదార్థము
బావా = వానకై మొగులు చూచుచున్న ఓ బావా; పాటల టవరు = క్యాపిటల్ రికార్డ్స్ వారి 13 అంతస్తుల గుండ్రని కార్యాలయము, 1956 నాటిది; కాడికి = గేటు దాక మాత్రమే; పోతిమి = కారు నిలుపు చోటు వెదకి వెదకి చేరితిమి; లోపలికి = స్టూడియోలలోనికి; ఇడ్సలే = పనిలేనివారమగుటచే విడువరైరి; ఫోటో దిగి = తల పడిన శిఖరము పడక, శిఖరము పడిన తల పడక, ఎట్టకేలకు దిగి; వస్తిమి = మరలితిమి.

విశేషములు
ఆకారము: రికార్డుల దొంతర వలె కట్టిరని లోకప్రవాదము. గీసిన లూయిస్ నైడార్ఫ్ దీని నొప్పుకొనలేదు. కట్టించువారెవరో తెలియకయే గుండ్రముగా గీసితిననెను. కవి ఎరుగని శ్లేషను పాఠకులు కనుగొనుట కొత్త కాదు.

శిఖరము: కొనదీపము మోర్స్ సంకేతములో "హాలీవుడ్" అని మిణుకుచుండును. అనంతపురం టవర్ క్లాకుదియు ఇట్టి గూఢభాషయే: 15 అడుగుల వెడల్పు, 8 ముఖములు, 47 అడుగుల ఎత్తు, కలిపి చదివిన 15-8-47. మోర్స్ రానివాడక్కడ, టేపు లేనివాడిక్కడ సమానులు.

పాతాళము: సుమారు 30 అడుగుల లోతున, గిటారు విద్వాంసుడు లెస్ పాల్ తోడ్పాటుతో రూపొందిన కాంక్రీటు ప్రతిధ్వని గదులు కలవు. స్టూడియోలోని పాటను స్పీకరు ద్వారా గదిలో మ్రోగించి, గోడలను తాకి మరలిన నాదమును మైకుతో పట్టి, మూలనాదముతో కలుపుదురు. అనంతపురమున ఆ లోతుకు బోరు వేసిన దుమ్మే లేచును. అక్కడ కాసులు పడెను.

పూర్వపక్షము: లోపలికి పోనివాడు చూచినట్లెట్లు?
సమాధానము: లోపలికి పోయినను కనబడునది బోసిగోడలే. ఆ గదుల సారము చెవికే గాని కంటికి దక్కదు. అది రికార్డులకెక్కి ఎన్నడో గేటు దాటినది.

తాత్పర్యము
ఫోటో కావలసినవారు వైన్ వీధికి పోవలెను. టవరు కావలసినవారు ఇంటనే ఉండి, అచ్చట రికార్డు చేసిన పాటనొకటి పెట్టుకొని వినవలెను.