తిరగేసి చూసినవాడు

నేను నల్ల డెర్బీ బూట్ల జతను. పుట్టింది తమిళనాడులోని ఆంబూరులో, పాలారు ఒడ్డున. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల్లో తయారైన తోళ్లూ బూట్లూ ఓడలెక్కి యూరప్ చేరతాయి. నేనూ అటే పోవలసినదాన్ని. ఎడమ మడమ దగ్గర తోలు మీద సన్నని గీత ఉందని పక్కన పెట్టారు. పశువు బతికుండగా ముల్లు గీరుకున్న గుర్తది. బలానికి దానివల్ల వచ్చిన లోటేమీ లేదు కానీ, ఎగుమతి సరుకు మీద గీత కనబడకూడదు. చేతులు మారి మారి చివరికి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతకు వచ్చాను. రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, పాత డ్రిల్లింగ్ మెషిన్లకూ స్పానర్లకూ నడుమ నన్ను పెట్టారు.

నా ఒళ్లు ఎలా కట్టారో ముందు చెప్పుకోవాలి. నా విలువంతా అక్కడే ఉంది. పై తోలును అచ్చు మీద బిగించి లాగి, అంచు చుట్టూ సన్నని తోలు పట్టీ పెట్టి, పై తోలునూ పట్టీనీ లోపలి తోలు అట్టకు కలిపి కుట్టారు. ఆ పట్టీని వెల్ట్ అంటారు. అడుగున మిగిలిన గుంటలో కార్క్ నింపి, సోలును పట్టీకి మరో కుట్టుతో బిగించారు. అంటే సోలును పట్టుకుని ఉన్నది పట్టీయే. సోలు అరిగిపోతే విప్పి కొత్తది వేసుకోవచ్చు, పై తోలుకు సూది మొన కూడా తగలదు. ఈ కుట్టుకు 1870 ప్రాంతంలో అమెరికాలో యంత్రాన్ని తీర్చిదిద్దింది చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్, రబ్బరును వల్కనైజ్ చేసిన గుడ్‌ఇయర్ కొడుకు.

నాకు మాత్రం ఆయనకన్నా యాన్ మాట్జెలిగర్ దగ్గరివాడనిపిస్తాడు. 1852లో దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో పుట్టిన నల్లజాతి యువకుడు. అమెరికా వెళ్లి లిన్ అనే ఊళ్లో బూట్ల ఫ్యాక్టరీలో చేరాడు. అప్పటికి కుట్టుకు యంత్రాలొచ్చాయి కానీ, తోలును అచ్చు మీదికి లాగి బిగించే పని చేత్తోనే జరిగేది. ఎంత చేయి తిరిగినవాడైనా రోజుకు యాభై జతలు దాటించడం కష్టం. మాట్జెలిగర్ పగలు ఫ్యాక్టరీలో పనిచేస్తూ, రాత్రిళ్లు కూర్చుని ఆ చేతుల కదలికలను యంత్రంలోకి దించాడు. 1883లో పేటెంట్ వచ్చింది. రోజుకు వందల జతలు బిగించే వీలు కలిగింది, అమెరికాలో బూట్ల ధర దాదాపు సగానికి పడిపోయింది. 1889లో క్షయతో పోయాడు, అప్పటికి ముప్పయ్యారేళ్లు. మంచి బూటు కూలివాడి కాలికి కూడా అందిందంటే అందులో ఆయన నిద్రలేని రాత్రులున్నాయి.

ఎర్రగడ్డకు వస్తాను. నా ముందు చాలామంది ఆగారు. మెరుపు చూశారు, ధర అడిగారు, పోయారు. ఎండ దిగాక వచ్చిన ఒకాయన మాత్రం నన్ను చేతిలోకి తీసుకుని ముందు తిరగేశాడు. సోలు గాడిలో దారం కనిపిస్తోందా అని గోరుతో గీరి చూశాడు. అంటించిన సోలు అంచున కూడా కుట్టులాంటి గీతలు అచ్చు పోస్తారని ఆయనకు తెలుసు. బొటనవేలితో పై తోలు నొక్కాడు. సన్నని ముడతలు లేచి, వేలు తీయగానే సర్దుకున్నాయి. ప్లాస్టిక్ పూత దట్టంగా వేసిన తోలు అలా ముడత పడదు.

“గీ జత ఎంతన్నా?”

“పన్నెండు వందలు తమ్మీ. ఎక్స్‌పోర్ట్ మాల్.”

“మడిమె కాడ గీతున్నది గదనే. ఏడు వందలిస్త.”

“తొమ్మిది వందలు. గంతకంటె తక్వ రాదు.”

జేబులోంచి సాక్సులు తీసి తొడుక్కుని, నన్ను వేసుకుని నాలుగడుగులు నడిచాడు. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది కాబట్టి బూటు కొనడానికి అదే సరైన వేళ. పాదం వంగే చోటే నేనూ వంగానో లేదో చూసుకున్నాడు. తొమ్మిది వందలకు బేరం తెగింది.

ఆయన సొంతూరు నారాయణఖేడ్ వైపు పల్లె. పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగం ఉద్యోగం, కాపురం ఇంద్రేశంలో. చిన్నతనమంతా చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద తిరిగిన పాదం, ముందు భాగం బాగా వెడల్పు. అలాంటి పాదాన్ని మన దుకాణాల్లో దొరికే సైజులు పట్టించుకోవు. అవి ఇంగ్లండ్ కొలతలు, ఒక నంబరుకూ మరో నంబరుకూ అంగుళంలో మూడో వంతు తేడా. వెడల్పు చాలక మనవాళ్లు ఒక నంబరు పెద్దది కొంటారు, అప్పుడు మడమ జారుతుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ 2021 చివర్లో మొదలుపెట్టి 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిచి, భారతీయుల పాదం యూరప్ వాళ్లకన్నా వెడల్పని తేల్చింది. ‘భ’ పేరుతో మన కొలతల పద్ధతి ఒకటి ప్రతిపాదించింది. అది దుకాణాల దాకా త్వరగా రావాలని నా కోరిక. అంతవరకూ వెడల్పు పాదానికి డెర్బీయే మేలు. లేసు కట్టే రెక్కలు పైనుంచి తెరుచుకునేలా ఉంటాయి కాబట్టి, ఆక్స్‌ఫర్డ్ బూట్లు బిగించే చోట మేము సర్దుకుంటాం.

తిరగేసి చూడటం ఆయనకు అనుభవం నేర్పింది. అంతకుముందు కొన్న బూట్లను బీరువాలో భద్రంగా దాచి, చెల్లెలి పెళ్లికి తీసి తొడుక్కుంటే, పందిట్లోనే సోలు పొడిపొడిగా రాలింది. పాలీయూరిథేన్ సోలు గాలిలోని తేమకే లోపల్లోపల విరుగుతూ ఉంటుంది. వాడకుండా దాచినా దాని ఆయుష్షు ఆగదు. ఇది తెలియక పెళ్లిరోజున ఇబ్బంది పడ్డవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

డ్యూటీలో ఆయన కాళ్లకు ఉక్కు ముక్కున్న సేఫ్టీ షూ ఉంటుంది. ఆడిటర్లు వచ్చినప్పుడు, ఇంటర్వ్యూలకు, శుభకార్యాలకు నా వంతు. వానాకాలంలో కాలనీ మట్టి రోడ్డు దాటేదాకా నన్ను సంచిలో పెట్టుకుని చెప్పులతో నడుస్తాడు. పటాన్‌చెరులో 218 బస్సు ఎక్కేముందు తొడుక్కుంటాడు. ఇంటికొచ్చాక పాత పేపరు ఉండలు చుట్టి లోపల కుక్కి నీడన ఆరబెడతాడు, మర్నాడు వేసుకోడు. తోలు చెమట వదలడానికి ఆ ఒక్కరోజు విశ్రాంతి కావాలి.

కొన్నేళ్లకు నా సోలు అరిగి కార్క్ బయటపడింది. పటాన్‌చెరులో గొడుగు కింద కూర్చునే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన నన్ను చేతిలోకి తీసుకున్న తీరు నాకు మరపురాదు. కళ్లజోడు సర్దుకుని, పట్టీ చుట్టూ వేలు పోనిచ్చి, “గిది కుట్టు సోల్ బిడ్డా, పారెయ్యకు” అన్నాడు. ఆరెతో పాత దారాన్ని ఒక్కొక్కటే లేపాడు. రంపెతో అంచు చెక్కాడు. మైనం పూసిన దారంతో, పట్టీలో పాత రంధ్రాల్లోంచే రబ్బరు సోలు కుట్టాడు. కొత్త రంధ్రాలు పొడిస్తే పట్టీ బలహీనపడుతుందని ఎవరూ చెప్పకుండానే తెలిసిన చేయి అది.

కుడుతూ వాళ్ల తాత సంగతి చెప్పాడు. “మా తాత లంద వెట్టేటోడు. తంగేడు చెక్క దంచి నానవెట్టి, దినాం తోలును తిరగేసేటోడు.” లంద అంటే తోలును ఊనబెట్టే తొట్టి. వారాల తరబడి సాగే పని అది. బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, దాని బెరడే తోలును కుళ్లకుండా కాపాడేది. పువ్వుకు దక్కిన గౌరవం ఆ లందలో చేతులు ముంచినవాళ్లకు దక్కలేదు. వాళ్లను ఊరి చివర ఉంచారు, వాళ్లు చేసిన చెప్పులు తొడుక్కునే నడిచారు. ఇప్పుడు నా పై తోలు లాంటివి క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో ఊనుతున్నాయి. ఆ చేతి విద్య మాత్రం ఈ గొడుగు కింద మిగిలింది.

సోలుకు ఆరు వందలు తీసుకున్నాడు. నాలాంటి కొత్త జత దుకాణంలో కొనాలంటే పది వేలు దాటడం మామూలే. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల లోపు జతకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఏడాదిలో పారేసేదానికి తక్కువ పన్ను, పదేళ్లు నడిచేదానికి ఎక్కువ పన్ను పడుతోంది. ఈ లెక్క మారాలి. దానికన్నా ముందు ఆ ముసలాయనకు ఎండావానా తగలని చిన్న గది కావాలి. రాయదుర్గంలో పాదరక్షల డిజైన్ చదువుకునే పిల్లలు కొన్నాళ్లు ఆయన పక్కన కూర్చోవాలి. ఆయన లాంటివాళ్లు లేకపోతే నేను కూడా ఒక సోలు కాలం బతికే వస్తువునే.

ఇప్పుడు ఫ్యాక్టరీలో ఎవరికి పెళ్లి కుదిరినా, ఇంటర్వ్యూ పిలుపొచ్చినా, ఆదివారం మావాణ్ని వెంటబెట్టుకుని ఎర్రగడ్డ వెళ్తున్నారు. పోయినసారి ఒడిశా కుర్రాడికి సంతంతా తిరిగినా కుట్టు సోలు దొరకలేదు. మెరిసే జత ఒకటి అయిదు వందలకే ఇస్తామన్నారు. మావాడు దాన్ని తిరగేసి చూసి కింద పెట్టేశాడు. “మల్ల ఐతారం వద్దాం తమ్మీ. ఇంటర్వ్యూకు ఇంక టైమున్నది” అని కుర్రాడి భుజం మీద చెయ్యేసి బస్టాప్ వైపు నడిచాడు.