పాజ్ నొక్కిన వేలు

నేను ఒక ఫోన్‌ని. ఇప్పుడు తెనాలిలో ఒక వంటింటి గట్టు మీద, పోపుల డబ్బా పక్కన ఉంటున్నాను. ఛార్జరు తీస్తే నాలుగు నిమిషాల్లో ఆరిపోతాను కాబట్టి ఎవరూ తీయరు. పొద్దున్నే అమ్మగారికి సుప్రభాతం వినిపిస్తాను, పాలు పొయ్యి మీద పెట్టినప్పుడు అలారం మోగిస్తాను. నా అద్దం మీద కుడి పై మూల నుంచి కింది దాకా ఒక పగులు ఉంది. అది ఎలా వచ్చిందో, అంతకుముందు ఈ అద్దం మీద ఏమేం కదిలాయో చెప్పాలని ఉంది. ఎందుకంటే నా మంచి రోజులన్నీ ట్రైలర్లు చూపించడంలోనే గడిచాయి.

నేను 2018లో శ్రీసిటీలో పుట్టాను, మన రాష్ట్రం తమిళనాడును తాకే అంచున. అక్కడ లైను మీద పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది ఆడపిల్లలే. నీలం టోపీ, చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి నా అద్దాన్ని అతికించి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి ముందుకు పంపింది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ చూపు మాత్రం గుర్తుంది.

నన్ను కొన్నది నాన్నగారు. ఆయనకు తెనాలిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. కూతురు ఇంటర్ పాసై డిగ్రీలో చేరిందని కొని పెట్టారు. పేరుకు నేను ఆమె ఫోన్‌ని, సాయంత్రమైతే సగం వాటా ఏడో తరగతి చదివే తమ్ముడిది. సిగ్నల్ బాగా వస్తుందని ఇద్దరూ నన్ను తీసుకుని డాబా ఎక్కేవాళ్ళు. పిట్టగోడ మీద నీళ్ళ సీసాకు ఆనించి నన్ను నిలబెట్టేవాళ్ళు.

నేను చూపించిన మొదటి ట్రైలర్ 'స్పైడర్-మ్యాన్: ఇన్‌టు ది స్పైడర్-వర్స్'. అది మొదలైన కాసేపటికే చిన్నోడు నన్ను అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు.

"అక్కా, కొత్త ఫోనేగా! ఆగి ఆగి ఆడుతోంది."

ఆగుతున్నది నేను కాదు. నా పని నేను సరిగ్గానే చేస్తున్నాను. అక్క ట్రైలర్‌ను వెనక్కి జరిపి, వేలితో పాజ్ నొక్కుతూ, వదులుతూ చూసింది. కారు నున్నగా కదులుతోంది, మైల్స్ అనే ఆ కుర్రాడు మాత్రం ఒక్కో భంగిమలో రెండు ఫ్రేముల పాటు నిలబడుతున్నాడు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములుంటే వాడి బొమ్మ పన్నెండుసార్లే మారుతోంది. వాడింకా పని నేర్చుకుంటున్న స్పైడర్-మ్యాన్. ఆ తడబాటును కథలో ఒక మాటగా కాక కదలికలోనే పెట్టారు. ఆ సినిమాలో ఒక యానిమేటర్ వారమంతా కూర్చుంటే సగటున ఒక సెకను బొమ్మ తయారయ్యేదని ఆమె తర్వాత చదివి తమ్ముడికి చెప్పింది. "వారానికి ఒక్క సెకనా!" అని వాడు నన్ను కొట్టిన చోటే మెల్లిగా తుడిచాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆ సినిమాకు ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. మా డాబా మీద ఆ రోజు పండగే.

చిన్నోడికి ట్రైలర్ల మీద ఒక అనుమానం మొదటి నుంచీ ఉండేది. 'అవెంజర్స్: ఇన్ఫినిటీ వార్'ను వాడు తెలుగులోనే చూశాడు. అందులోని విలన్ థానోస్‌కు నటుడు రానా చెప్పిన గొంతును రోజూ అన్నం తినేటప్పుడు అనుకరించేవాడు. కానీ ఆ ట్రైలర్‌లో హల్క్ అందరితో కలిసి వకాండా మైదానంలో పరిగెత్తుకొచ్చాడు, సినిమాలో ఆ షాటే లేదు. అప్పటి నుంచి ఏ ట్రైలర్ వచ్చినా వాడు కోర్టులో లాయరులా అడిగేవాడు: "ఇది నిజంగా ఉందా, మనకోసం పెట్టారా?"

2018 డిసెంబరు 7న 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' ట్రైలర్ వచ్చింది. అంతరిక్షంలో దారి తప్పిన నౌకలో ఆ కథ హీరోల్లో ఒకడైన టోనీ స్టార్క్ ఒంటరిగా కూర్చుని, తన శిరస్త్రాణంతో చివరి మాటలు చెప్పుకుంటాడు. ఇరవై నాలుగు గంటల్లో ఆ ట్రైలర్‌ను 28.9 కోట్ల సార్లు చూశారు. అందులో పద్దెనిమిది సార్లు నా అద్దం మీదే. టోనీని కాపాడమని అభిమానులు నాసాకు విన్నపాలు పంపారు. నాసా కూడా విసుక్కోలేదు, భూమి మీద నుంచి ఆకాశమంతా వెతికించమని ఆప్యాయంగా సలహా ఇచ్చింది. ఒక బొమ్మల కథలోని మనిషికోసం నిజమైన అంతరిక్ష సంస్థ గొంతు కలిపిందని చిన్నోడు ఎంత పొంగిపోయాడో! అభిమానం అంటే ఇదని నాకు అర్థమైంది: లేని మనిషి కోసం ఉన్న మనుషులు ఒకచోట చేరడం.

ఆ అభిమానానికి కోపం వస్తే ఎలా ఉంటుందో ఐదు నెలల్లో చూశాను.

2019 ఏప్రిల్ 30న 'సోనిక్ ది హెడ్జ్‌హాగ్' మొదటి ట్రైలర్ వచ్చింది. సోనిక్ అంటే 1991లో సేగా వాళ్ళ వీడియో గేమ్‌లో పుట్టిన నీలం రంగు ముళ్ళపంది. పెద్ద కళ్ళు, తెల్ల తొడుగులు, ఎర్ర బూట్లు, గాలిని మించిన పరుగు. ఇళ్ళల్లో పాత టీవీకి తగిలించిన గేమ్ డబ్బాలో అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు తరం తరంగా ఆడిన బొమ్మ అది. ట్రైలర్‌లో మాత్రం వేరే ఎవరో వచ్చారు. చిన్న చిన్న కళ్ళు, దేనికది విడిగా. తొడుగుల్లేని చేతులు. నోరు తెరిస్తే మనిషి పళ్ళు! అక్క సరిగ్గా అక్కడే పాజ్ నొక్కింది. రెండు వేళ్ళతో లాగి ఆ పళ్ళను నా అద్దం నిండా పెద్దవి చేసింది. చిన్నోడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

ప్రపంచమంతా అలాగే వెనక్కి జరిగింది. అభిమానులు ఊరుకోక తామే బొమ్మను దిద్ది చూపించారు. మా అక్క కూడా అకౌంట్స్ నోట్సు చివరి పేజీలో కళ్ళు రెండూ కలిపి గీసి, నాతో ఫొటో తీసింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆ ఫొటో కింద ఒక వాక్యం టైపు చేసింది: "వీడికి బొమ్మలు గీయడం నేర్పిన సన్నాసి ఎవడు?" పంపే ముందు బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత నొక్కింది. ఆ మాటను మోసుకెళ్ళింది నేనే.

రెండు రోజుల్లో, మే 2న, దర్శకుడు జెఫ్ ఫౌలర్ జవాబిచ్చాడు. మీ మాట విన్నాం, బొమ్మ మారుస్తాం అన్నాడు. నవంబరులో రావాల్సిన సినిమాను 2020 ఫిబ్రవరి 14కు జరిపారు. సోనిక్ కామిక్స్‌కు, 'సోనిక్ మేనియా' గేమ్‌కు బొమ్మలు గీసిన టైసన్ హెస్‌కు కొత్త రూపం బాధ్యత అప్పజెప్పారు. నవంబరు 12న రెండో ట్రైలర్ వచ్చింది. కళ్ళు పెద్దవయ్యాయి, చేతులకు తెల్ల తొడుగులు వచ్చాయి, పాత ఎర్ర బూట్లు తిరిగొచ్చాయి, ఆ పళ్ళు పోయాయి. చిన్నోడు నన్ను చెవికి ఆనించుకుని, "వచ్చాడక్కా, మనోడు వచ్చాడు" అన్నాడు, చుట్టం ఊరి నుంచి దిగినట్టు. సినిమా దాదాపు 32 కోట్ల డాలర్లు వసూలు చేసింది.

మేం గెలిచాం అనుకున్నాం. ఆ గెలుపులో ఇంకో పేజీ ఉందని అక్కకు మూడేళ్ళ దాకా తెలియలేదు.

ఈలోగా నా పగులు. 2021 ఆగస్టులో 'స్పైడర్-మ్యాన్: నో వే హోమ్' మొదటి టీజర్ అధికారికంగా రాకముందే, పని పూర్తికాని రూపంలో బయటపడిపోయింది. ఆ తర్వాత అసలుది వస్తే ఒక్క రోజులో 35.5 కోట్ల సార్లు చూశారు. అందరిదీ ఒకటే ప్రశ్న: పాత స్పైడర్-మ్యాన్లు ఇద్దరూ, టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్‌ఫీల్డ్, ఇందులో ఉన్నారా లేరా? నవంబరులో రెండో ట్రైలర్ మనకు తెల్లవారుజామున వచ్చింది. మంచులో, దుప్పటి కప్పుకుని, డాబా మీద ఇద్దరూ. ముగ్గురు విలన్లు ఒక్క స్పైడర్-మ్యాన్ మీదికి దూకుతున్నారు. బ్రెజిల్‌లో విడుదలైన ట్రైలర్ ముక్కలో అయితే బల్లి మనిషి తల, ఎవరూ కొట్టకుండానే, దెబ్బ తిన్నట్టు పక్కకు ఒరిగింది.

"అక్కా! అక్కడ మనిషి ఉన్నాడు! తుడిచేశారు!" అని చిన్నోడు ఎగిరాడు. నేను పిట్టగోడ మీద నుంచి గచ్చు మీద పడ్డాను. అప్పుడు వచ్చిందే ఈ పగులు.

పగిలిన అద్దంలోనే అక్క ఆ ముక్కను పదే పదే చూసింది. వాడు చూసింది బల్లి మనిషిని. ఆమె చూసింది ఖాళీని. ఒక మనిషిని ఫ్రేము ఫ్రేముకూ తుడిచి, వెనకున్న పొగను, వెలుతురును, ఇనుప కడ్డీలను అతుకు తెలియకుండా నింపిన చేయి ఒకటి ఎక్కడో ఉంది. "ఇది ఎవరు చేస్తారు?" అని ఆ రాత్రి నన్ను అడిగింది. రోటో, పెయింట్ అనే మాటలు ఆమె మొదటిసారి చదివింది నా మీదే. సినిమా మనదేశంలో డిసెంబరు 16న, అమెరికా కంటే ఒకరోజు ముందే విడుదలైంది. చిన్నోడు చెప్పింది నిజమే, ఇద్దరూ ఉన్నారు. ఆ తర్వాత ఆమె నాన్నగారిని ఒప్పించి హైదరాబాద్ వెళ్ళి ఆ పని నేర్చుకుంది.

రోటో అంటే ఏమిటో నాన్నగారికి ఆమె ఫోన్‌లో చెప్పిన తీరు నాకు ఇష్టం. "నాన్నా, మీరు ఫొటో అంచు చూసి మౌంటు కోస్తారు కదా, నేనూ అంచే కోస్తాను. కాకపోతే నా ఫొటో కదులుతుంటుంది. నాలుగు సెకన్ల షాట్‌కు తొంభై ఆరు ఫ్రేములు, తొంభై ఆరుసార్లు కోయాలి." ఆయన కాసేపాగి, "చేయి నొప్పి పుడితే ఆపమ్మా, అప్పుడు కోస్తే వంకర పోతుంది" అన్నారు.

2022 అక్టోబరు 2న అయోధ్యలో 'ఆదిపురుష్' టీజర్ విడుదలైంది. హాస్టల్ గదిలో నలుగురు అమ్మాయిలు నా చుట్టూ మూగారు. బయట జనం అన్నది ఒకటే మాట: "కార్టూన్‌లా ఉంది." కార్టూన్ అనే మాట తిట్టయిపోయిందని అక్క బాధపడింది. వారానికి ఒక్క సెకను గీసేవాళ్ళ పని తెలిసిన పిల్ల మరి. ఆ వేడిలో ఒక గ్రాఫిక్స్ సంస్థ, ఆ పని మేం చేయలేదని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. సంక్రాంతికి రావాల్సిన సినిమా 2023 జూన్ 16కు జరిగింది. ఈసారి జరిపినా జనం మనసు మారలేదు.

టీజర్ చూసిన ఆ రాత్రే హాస్టల్‌లో ఒక అమ్మాయి సోనిక్ సంగతి చెప్పింది. ఆ ముళ్ళపంది బొమ్మ మీద పనిచేసిన ఒక సంస్థ వాంకూవర్ శాఖ, సినిమా విడుదలకు రెండు నెలల ముందే, 2019 డిసెంబరులో మూతపడింది. సంస్థ చెప్పిన కారణం మార్కెట్ ఒత్తిళ్ళు. కారణం ఏదైతేనేం, ఆ కొత్త కళ్ళను మనం చప్పట్లతో చూసేనాటికి అక్కడి కుర్చీలు ఖాళీ. అక్క నా గ్యాలరీలో వెనక్కి వెనక్కి వెళ్ళి, అకౌంట్స్ నోట్సు ఫొటో తెరిచింది. బొమ్మ బాగుంది. కింద తాను రాసిన వాక్యాన్ని తలచుకుని నన్ను బోర్లా పెట్టి పడుకుంది.

2023లో ఒక సినిమా ట్రైలర్‌లో ఆమె కోసిన షాట్ వచ్చింది. ఫైనల్ కాకముందే ట్రైలర్ కోసం తీసుకెళ్ళిన షాట్ అది. తెనాలి నుంచి చిన్నోడు ఫోన్ చేశాడు.

"అక్కా, ట్రైలర్ చూశావా? ఆ కొండ మీద షాట్‌లో జుట్టు చుట్టూ తెల్లగా అంచు వణుకుతోంది. ఎవడు చేశాడో గానీ..."

"నేనేరా."

అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడే వినిపించింది. తర్వాత వాడు అన్నాడు: "సరిచేయొచ్చా అక్కా?"

"చేయొచ్చు. ఆరు వారాలుంది."

వాడు అడిగిన ఆ ప్రశ్న కంటే మంచి ప్రశ్న నా అద్దం మీద నేను ఇంతవరకు వినలేదు. తప్పును పట్టుకున్నాడు, దాచలేదు. చేసిన మనిషిని చూసి మాటను మార్చాడు, అభిప్రాయాన్ని మార్చలేదు. అక్క ఆ అంచును మళ్ళీ కోసింది. థియేటర్లో ఆ షాట్ వచ్చినప్పుడు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. ఆ చేయి వణికింది, జుట్టు అంచు వణకలేదు.

2024 సంక్రాంతికి తెలుగువాళ్ళ సూపర్‌హీరో 'హను-మాన్' వచ్చింది. ప్రశాంత్ వర్మ తీసిన ఆ సినిమాకు అక్కాతమ్ముళ్ళు కలిసి వెళ్ళారు. చిన్నోడు చివరిదాకా కూర్చుని, పైకి జరిగిపోయే పేర్లన్నీ చదివాడు. ఆ ఏడాదే అక్క కొత్త ఫోన్ కొనుక్కుంది, నేను వంటింట్లోకి వచ్చాను.

రేపో మాపో మీరు ఒక ట్రైలర్ చూస్తారు. పాజ్ నొక్కండి, పెద్దది చేసి చూడండి, దాచిన మనిషిని వెతకండి, కళ్ళు చిన్నవైతే చిన్నవని గట్టిగా చెప్పండి. అభిమాని చెప్పకపోతే సోనిక్‌కు ఆ కళ్ళు వచ్చేవి కావు. కానీ పంపే ముందు బొటనవేలు ఆగుతుందే, ఆ ఒక్క క్షణంలో మీ వాక్యాన్ని మళ్ళీ చదవండి. అందులో బొమ్మ గురించి ఉన్నది ఉంచండి, గీసిన మనిషి గురించి ఉన్నది తీసేయండి. అటువైపు మీ అక్కే ఉండొచ్చు.