జేకేపూర్ పెరట్లో గుంటూరు పండించడం ఎలా?

గుంటూరు నుంచి రాయగడకు నేరుగా ఒక ఎక్స్‌ప్రెస్ రైలు నడుస్తుంది. మిరప గింజలు తెప్పించుకోడానికి కాకపోతే రైల్వేవాళ్ళు దాన్ని ఎందుకు వేశారో నాకైతే బోధపడదు. కాబట్టి రాయగడ పక్కనే ఉన్న జేకేపూర్ కాగితం మిల్లు కాలనీలో క్వార్టరు దొరికి, వెనకాల నాలుగు గజాల జాగా ఉన్న ప్రతి తెలుగు గృహస్థూ మొట్టమొదట చేయాల్సిన పని, గుంటూరులో ఒక చుట్టాన్ని సంపాదించడం. రాయగడ మార్కెట్లో విత్తనాల కొట్టు ఉందనీ, అక్కడ పొట్లం మీద రకం పేరు, తేదీ, మొలక శాతం అన్నీ అచ్చువేసి ఉంటాయనీ ఎవరైనా అంటే వినకండి. 1962 నుంచీ కాగితం తయారుచేస్తున్న ఊరు మనది. కాగితం మీద ఉన్నదల్లా నమ్మడం మనకు నామోషీ.

చుట్టం పంపింది విత్తనమే కానక్కర్లేదు. కారం కొట్టించుకోడానికి కొన్న ఎండుమిరపకాయల్లోంచి రాలిన గింజలు చాలు. అవి హైబ్రిడ్ కాయలైతే తల్లి గుణం పిల్లకు రాదనీ, గుంటూరు పక్కన లాం పరిశోధనా స్థానంవాళ్ళు ఇచ్చిన ఎల్‌సీఏ 334, ఎల్‌సీఏ 625 లాంటి సూటిరకాలైతే గింజ కట్టుకోవచ్చనీ వ్యవసాయం చదివినవాళ్ళు చెబుతారు. మిరపకాయకు నంబరేమిటి, జైల్లో ఉందా?

నారు పోయడానికి ఆషాఢంలో మబ్బు బాగా పట్టిన రోజు చూసుకోండి. ఎత్తుమడి కట్టకండి, అది నీళ్ళంటే భయపడేవాళ్ళ పద్ధతి. గింజ అర సెంటీమీటరు లోతున పడితే వారం పది రోజుల్లో మొలుస్తుందట. అంత పైపైన వేస్తే మొక్కకు మన మీద గౌరవం ఏముంటుంది? నాలుగు వేళ్ళ లోతున పాతండి. మొలక పైకి రాకపోతే వేరు పడే పనిలో ఉందని అర్థం. చల్లేటప్పుడు మాత్రం గుప్పెడు గింజలూ ఒకేచోట చల్లండి. మొలకలు ఒత్తుగా వచ్చి, గాలాడక, నారుకుళ్ళు సోకి మెడ దగ్గర మెత్తబడి పడిపోతుంటే కంగారుపడొద్దు. మిగిలిన రెండు మొక్కలకు అంతరం సరిచూసే పని మీకు తప్పింది.

నారు పీకి నాటేటప్పుడు చుట్ట ఆర్పనక్కర్లేదు. పొగాకూ మిరపా ఒకే కుటుంబం మొక్కలు, బంధువులు కలుసుకుంటే తప్పేముంది? పొగాకు మొజాయిక్ వైరస్ చేతికి అంటుకుని లేత మిరపాకుల్లోకి పాకుతుందనీ, సబ్బుతో చేతులు కడుక్కుని నారు ముట్టుకోవాలనీ అనేవాళ్ళకు చుట్ట రుచి తెలియదు, అంతే.

ఇక నేల సంగతి. గుంటూరుది నల్లరేగడి, మనది కొండవాలు ఎర్రమట్టి. కొంచెం పుల్లదనం ఉన్న నేల. పైగా అక్కడికంటే ఇక్కడ వానలెక్కువ. జూన్‌లో మొదలైతే దసరా దాకా ఆకాశాన్ని నమ్మడానికి లేదు. ఈ తేడా చూసి కొందరు పిరికివాళ్ళు బోదెలు తోలి మొక్కను గట్టు మీద నాటుతారు. నీళ్ళు జారిపోవాలట. మిరప వేరు ఒక రోజు నీళ్ళలో నిలిచినా ఊపిరాడక వడలిపోతుందట. మీరు మాత్రం నిశ్చింతగా గుంట తవ్వి, గుంట మధ్యలో నాటండి. వాన పడ్డ రోజు కూడా రెండు బకెట్లు పోయండి. మొక్క పగలు వాలిపోతే దాహమనుకుని ఇంకో బకెట్ పోయండి. సాయంత్రానికీ లేవకపోతే అది సోమరి మొక్క.

ఎరువు అంటే యూరియా. మాగిన గెత్తం, పొయ్యిలో కట్టెల బూడిద ఒక గుప్పెడు, ఇవన్నీ అమ్మమ్మల కాలంనాటివి. యూరియా వారానికో దోసెడు వేస్తే మొక్క నడుం దాటి భుజాల దాకా పెరుగుతుంది, ఆకు అరచేయంత అవుతుంది. పూత రాదు. రాకపోతే ఏం, వీధిలో పోయేవాళ్ళకు కనిపించేది ఆకే కదా. అంత ఎత్తు పెరిగిన మొక్కకు కర్ర ఊతం పెట్టమంటారు చాదస్తులు. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, రెండూ అక్టోబరులోనే వచ్చాయి, సరిగ్గా మన మొక్కకు తొలికాయ దిగే వేళకి. తుపానుకు కర్ర అడ్డమా? మొక్కను దాని కాళ్ళ మీదే నిలబడనివ్వండి.

మా పక్క క్వార్టరు మౌసీ విషయం ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆవిడ మల్కాన్‌గిరి వైపు నుంచి వచ్చిన ఒడియా ఇల్లాలు. సంతలో కొండ ఆడవాళ్ళు ఆకు దొన్నెలో పెట్టి అమ్మే చిట్టి మిరపకాయలు ఉంటాయే, ముక్కు ఆకాశం వైపు పెట్టి కాసేవి, అవి నాలుగు తెచ్చి గింజలు పాత డబ్బాలో చల్లింది. మొక్క జామచెట్టు కింద సగం నీడలో ఉంది. దానికి బియ్యం కడిగిన నీళ్ళు, ఎప్పుడైనా పిడికెడు గెత్తం, అంతకుమించి సేవ లేదు. ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. ఆ చిన్నకాయ జాతి మొక్క నాలుగైదేళ్ళు కూడా బతుకుతుంది, వానకు అంత తొందరగా లొంగదు. ఆవిడ రోజూ పొద్దున్న చారెడు కోసుకుని పఖాళంలోకి, అంటే నీళ్ళన్నంలోకి, నంజుకుంటుంది. నేను చాలాసార్లు చెప్పి చూశాను, వేలెడంత లేని కాయను పెంచడం తెలుగువాళ్ళ పక్కన కాపురం ఉంటున్న మనిషికి తగదని. ఆవిడ నవ్వి నాలుగు కాయలు చేతిలో పెట్టింది. ఇలాంటి నిర్లక్ష్యపు తోటపని వల్లే ప్రపంచానికి మా బోటి సలహాదార్ల విలువ తెలియకుండా పోతోంది.

పురుగూ తెగులూ రాకుండా మొక్కకు నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చి కట్టండి. ఆ మిరపకాయలు మార్కెట్లో కొనుక్కోవాలి. దిష్టి తగిలాక కట్టినా పనిచేస్తుందంటారు గాని, నేను నాటిన రోజే కట్టిస్తాను. ఆకు తిరగేసి చూసే అలవాటు మంచిది కాదు, చూస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆకు అంచులు పైకి లేచి దొన్నెలా ముడుచుకుంటే తామర పురుగనీ, అదే దొన్నె బోర్లించినట్టు కిందికి ముడుచుకుంటే నల్లి అనీ, రెండింటికీ మందు వేరనీ లాంవాళ్ళ దగ్గర్నుంచి పల్లెటూరి రైతు దాకా అందరూ చెప్తారు. పైకో కిందికో, ముడత ముడతే. కొట్టువాడి దగ్గరికి ఆకు పట్టుకెళ్ళకండి, పురుగు పేరు చెప్పకండి. 'గట్టిది ఇయ్యి బాబూ' అంటే చాలు. మూడు రకాలు తెచ్చి ఒకే డబ్బాలో కలపండి. కొలత మూత మీద కాదు, మనసులో ఉండాలి. గాలికి ఎదురుగా నిలబడి కొట్టండి, చేసిన పని ముఖానికి తెలియాలి. నల్లులను తినే మంచి పురుగులు ఆ దెబ్బకి ముందు చస్తాయి. నల్లులు మాత్రం మిగులుతాయి, మరుసటి వారానికి రెండింతలవుతాయి. అప్పుడు ఇంకా గట్టిది అడగండి.

నీలం రంగు జిగురు అట్ట కడితే తామర పురుగులు, పసుపుది కడితే తెల్లదోమ అంటుకుంటాయనీ, లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొడితే పెరటికి చాలనీ వినవస్తుంది. నాలుగు మొక్కలున్న పెరటికి కాబట్టి చాలు అనిపిస్తుంది. మనం ఆలోచించేది నాలుగు ఎకరాల స్థాయిలో. 2021-22లో ఆంధ్రలోనూ తెలంగాణలోనూ నల్ల తామర పురుగు పూలల్లో దూరి మిరపతోటల్ని పాడుచేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగక చాలాచోట్ల రైతులు తోటలే పీకేశారు. అంతటి పెద్ద పోరాటంలో మన పెరడు కూడా పాలుపంచుకోవద్దా? మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయమని డబ్బా మీద ఉంటుంది. విదేశాలకు వెళ్ళే మిర్చికి అవశేషాల పరీక్షలుంటాయి, మన పప్పులోకి వెళ్ళే మిర్చికి ఆ గొడవ లేదు. సాయంత్రం మందు, పొద్దున్న పచ్చడి.

కారం చాలదని ఎవరైనా అంటే పౌరుషం తెచ్చుకోవాల్సిందే. గుంటూరు సన్నం కారం స్కోవిల్ లెక్కలో ముప్ఫై అయిదు, నలభై వేలు. ఈ లెక్క పెట్టిన విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఔషధ నిపుణుడు 1912లో మిరప సారాన్ని పంచదార నీళ్ళలో పలచన చేసుకుంటూ పోయి, తాగినవాళ్ళకు మంట తెలియడం ఎక్కడ ఆగిందో చూశాడు. పాపం ఆయనకు ఆవకాయ పెట్టేవాళ్ళు దొరకలేదు. కరోలినాలో పండించిన పెప్పర్ ఎక్స్ అనే కాయ 2023లో గిన్నిస్‌కెక్కింది, దాని లెక్క ఇరవయ్యారు లక్షల పైచిలుకు. ఇలాంటి జాతుల గింజలు ఇంటర్నెట్లో కొనండి. పొట్లంలో నిజంగా ఏ గింజ ఉందో కాయ వచ్చేదాకా తెలియదు, ఆ ఉత్కంఠకే డబ్బు. మొలవడానికి మూడు నాలుగు వారాలు కూడా పట్టొచ్చు, రోజూ తవ్వి చూసుకోండి. కాసిందా, ఒక్క కాయతో క్వార్టర్ల వరస మొత్తానికి పప్పు వండొచ్చు, తినొద్దని అందరికీ చెప్పాల్సి ఉంటుంది.

అంత ఖర్చు వద్దనుకుంటే క్యాప్సికం మొక్కను గుంటూరు మొక్క పక్కన నాటండి, ఈ ఏడే క్యాప్సికం కాయలో కారం దిగుతుంది. పక్క మొక్క పుప్పొడి తగిలినా దాని ప్రభావం ఆ కాయ కండ మీద ఉండదనీ, లోపలి గింజలో ఉంటుందనీ, ఆ గింజ నాటితే పుట్టే మొక్కలో మాత్రమే తేడా కనిపిస్తుందనీ శాస్త్రం. శాస్త్రానికి ఓపిక ఎక్కువ, మనకు ఆకలి ఎక్కువ. కారం తగ్గించాలంటే గింజలు తీసేస్తే సరి. ఘాటంతా గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుందన్న మాట పెద్దలెవరూ మనకు చెప్పలేదు కదా.

చిలకలు వస్తాయి. వచ్చి పండుకాయ నడుముకి కొరుకుతాయి. కారప్పొడి చల్లండి, ఘాటుకి పారిపోతాయి. పక్షులకు ఆ మంట తెలియదనీ, అందుకే అడవిలో మిరప గింజల్ని అవే మోసుకెళ్ళి పెంచుతున్నాయనీ తెలిసినవాళ్ళంటారు. కోతులకు తెలుస్తుంది గాని వాటికి మొక్క పీకడంలో ఉన్న సరదా తినడంలో లేదు. వల కట్టడమా? పెరట్లో వల కడితే చేపలు పెంచుతున్నామనుకుంటారు.

ఇప్పుడు కోత. పచ్చికాయ కోయకండి. కోస్తే కొత్త పూత వస్తుందనీ, చెట్టు మీద కాయ పండుతూ ఉంటే మొక్క కొత్తపూత మాట మరిచిపోతుందనీ అందరికీ తెలుసు. ఎక్కువ కాస్తే ఎవరు తింటారు? కాయను తొడిమతో గిల్లడం, కత్తెరతో కోయడం నాజూకు పనులు. కాయ పట్టుకుని లాగండి, మిరప కొమ్మ పెళుసు కనుక కొమ్మా పూతా పిందే కలిసి వస్తాయి, ఒకే పట్టుకు మూడు వారాల కోత పూర్తి. ఉదయం మంచు తడి ఉండగానే కోసి, గోనెలో కుక్కి, మూలన పడేయండి.

ఎండబెట్టడం మీద రెండు ముక్కలు. శుభ్రమైన పట్టా మీద పలచగా పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేసి, సాయంత్రం పొగమంచు పడకముందే లోపలికి తీసి, కాయ గలగలమనేదాకా, అంటే తేమ పది పదకొండు శాతానికి వచ్చేదాకా ఎండబెట్టడం ఒక పద్ధతి. రెండోది మనది. రోడ్డు మీద ఆరబోయండి, మిల్లుకు దుంగలు తెచ్చే లారీలు వాటంతటవే కారం కొట్టిపెడతాయి. తడి ఆరని కాయను కుప్పగా పోసి కప్పితే బూజు పడుతుంది. ఆ బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుట్టొచ్చు, అది వేయిస్తే పోదు, పొడి కొట్టినా పోదు. మచ్చపడి పాలిపోయిన కాయల్ని గుంటూరు యార్డులో తాలు అని విడిగా తీసి తక్కువ ధర కడతారు. ఇంట్లో అలా విడదీస్తే మిగిలేది ఏమీ ఉండదు, అన్నీ కలిపి డబ్బాలో పెట్టండి. పిల్లలున్న ఇల్లైతే, వేళాకోళం కాదు, ఈ ఒక్కదానికి మాత్రం నా మాట వినకండి.

కాయలు తరిగాక చెయ్యి మండుతుంది. నీళ్ళతో కడిగి, ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకోండి. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, ముందు నూనె రాసి తర్వాత సబ్బుతో కడగాలి. నోరు మండితే నీళ్ళకంటే పెరుగు మేలు. ఇవి తెలిసినవాడికి మా చేతి పచ్చడి రుచి తెలియదు.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే సంక్రాంతి నాటికి మీకు చేతిలో ఒకటో రెండో కాయలుంటాయి, లేదా ఉండవు. పండుమిరప పచ్చడి పెట్టాల్సిన రోజున చింతపండు, ఉప్పు సిద్ధం చేసుకుని, గిన్నె పట్టుకుని మౌసీ గుమ్మానికి వెళ్ళండి. ఆవిడ లేదనదు. ఒక్కటే వేడుకోలు: ఆవిడకు తెలుగు చదవడం రాదు, ఈ వ్యాసం ఎవరూ ఆవిడకు చదివి వినిపించకండి. వరస మొత్తానికి ఆ డబ్బాలో మొక్కే దిక్కు.