గర్భిణి ముక్కు మీద ఊరందరికీ హక్కు

మన రాష్ట్రాల్లో డాక్టర్లు చాలడం లేదని వాపోయేవాళ్లు కడుపుతో ఉన్న ఆడమనిషికి జలుబు చేసిన ఇంటికి ఒకసారి వెళ్లి రావాలి. ఆమె రెండో తుమ్ము తుమ్మేలోపు అత్తగారు, ఆడపడుచు, ఎదురింటి పిన్నిగారు, పలకరించడానికి వచ్చిన పెదబావగారు అందరూ వైద్యులైపోతారు. ఫీజు లేదు, టోకెన్ లేదు, చదువు అసలే లేదు.

ఈ వైద్యమండలిలో రెండు పక్షాలు. ఒకటి "ఏ మందూ ముట్టుకోవద్దు" పక్షం. రెండోది "జలుబే కదా, ఓ బిళ్ల వేసేసుకో" పక్షం. చిత్రమేమిటంటే రెండూ ఒక్కోసారి ఒకే మనిషిలో కాపురముంటాయి. కోడలి చేతిలో బొప్పాయి ముక్క కనిపిస్తే పళ్లెం లాగేసుకునే అత్తగారే, పొద్దుగూకేసరికి కొడుకును పిలిచి "మెడికల్ షాపులో జలుబు బిళ్లలు పట్రారా" అంటారు. బొప్పాయి మీదున్న అనుమానంలో పదోవంతు ఆ బిళ్ల మీద ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.

కొడుకు వెళ్తాడు.

"అన్నా, జలుబుకి ఏమైనా ఇవ్వు."

"జ్వరముందా?"

"కొంచెం."

కత్తెర టక్కుమంటుంది. నాలుగు బిళ్లలు చేతికొస్తాయి. మందు పేరు సగం కత్తిరింపులో పోయింది, ఎక్స్‌పైరీ తేదీ మిగిలిన ముక్కతో షాపులోనే ఉండిపోయింది. ఎవరికని అతను అడగడు, మా ఆవిడకు ఐదో నెల అని ఇతను చెప్పడు. బండి బయట స్టార్టు చేసే ఉంది మరి! "గొంతు కూడా నొప్పిగా ఉందట" అని నోరు జారితే యాంటీబయోటిక్ ఒకటి అదనం. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, యాంటీబయోటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. ఆ ఇచ్చింది డాక్సీసైక్లిన్ లాంటిదైతే పుట్టబోయే బిడ్డ పళ్లకు మరకలు పడే ప్రమాదం కూడా ఉంది. మన కౌంటర్ దగ్గర అదొక చిల్లర విషయం.

ఇంతకీ ఆ బిళ్లలో ఏముంది? సాధారణంగా జ్వరానికి పారాసిటమాల్, తుమ్ములకు క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు ఫినైలెఫ్రిన్. కొన్నింట్లో కొసరుగా కెఫీన్. ఒక్క బిళ్లతో ఇంటిల్లిపాది రోగాలూ పోవాలని మనవాళ్ల కోరిక. ఇందులో ఫినైలెఫ్రిన్ కథ వినదగ్గది. రక్తనాళాలను బిగించే మందు కనుక బీపీ ఉన్న గర్భిణులకు వద్దంటారు. పోనీ ముక్కయినా తెరుచుకుంటుందా? నోటి ద్వారా వేసుకుంటే ఈ మందు పనిచేయడం లేదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘంలోని 16 మందీ ఏకగ్రీవంగా తేల్చారు. అక్కడి జలుబు మందుల్లోంచి దాన్ని తీసేయాలని 2024 నవంబరులో ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. మన వీధి చివర మాత్రం దాని వైభవం చెక్కు చెదరలేదు. కలగలుపు మందులు మన ప్రభుత్వానికీ తలనొప్పే. 2024 ఆగస్టులో కేంద్రం ఒకేసారి 156 రకాలను నిషేధిస్తే అందులో జలుబు, జ్వరం, అలర్జీ మిశ్రమాలూ ఉన్నాయి. ఆ జాబితాను కత్తెర పట్టిన కుర్రాడు చదివాడా అని మనమెవరమూ అడగం.

ఒళ్లు నొప్పులని విడిగా ఇచ్చే బిళ్ల ఇంకో ఘనకార్యం. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జాతి మందులు 20 వారాలు దాటాక వాడితే బిడ్డ మూత్రపిండాలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చని 2020లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 30 వారాల తర్వాతైతే బిడ్డ గుండె దగ్గరి ముఖ్యమైన రక్తనాళం పుట్టకముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. (బీపీ ముప్పు ఉందని డాక్టరు రాసిన చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు. ఇది చదివి అది మానేయకండమ్మా.)

ఇన్ని మిశ్రమాలను కళ్లు మూసుకుని మింగించిన మండలికి భయమన్నదే లేదనుకుంటే పొరపాటు. భయముంది, ఉత్త పారాసిటమాల్ అంటే! డాక్టరు చూసి తగిన మోతాదులో రాసిన ఒక్క బిళ్ల చూడగానే "అమ్మో, బిడ్డకు ఆటిజం వస్తుందట" అని వాట్సాప్ తెరుస్తారు. 2025 సెప్టెంబరులో ట్రంప్ మహాశయుడు వైట్‌హౌస్‌లో నిలబడి గర్భిణులు ఆ మందు వాడొద్దని సెలవిచ్చాడు. అమెరికా అధ్యక్షుడే స్వయంగా మన మండలిలో సభ్యత్వం తీసుకున్నాక ఇక తిరుగేముంది? స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఒకే తల్లి పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చి చూస్తే ఆ సంబంధం కనిపించలేదని 2024లో ప్రచురించారు. దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లు నాకింకా తారసపడలేదు. తొలి నెలల్లో ఎక్కువ జ్వరాన్ని తగ్గించకుండా వదిలేస్తే అదే బిడ్డ వెన్నుకూ మెదడుకూ చేటు చేయగలదని మాత్రం ఏ గ్రూపులోనూ రాదు.

ఇక కషాయం పక్షం. "ప్రకృతిసిద్ధం, సైడ్ ఎఫెక్టు ఉండదు" అన్నది వీరి మూలమంత్రం. గన్నేరు పప్పు కూడా ప్రకృతిసిద్ధమే. చారులో వేసుకునేంత మిరియం, టీలో వేసుకునేంత అల్లం గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, శొంఠి, పిప్పలి, అతిమధురం గుప్పెళ్లతో వేసి గ్లాసుడు నీళ్లను చెంచాడయ్యేదాకా మరగబెట్టి, మూడు పూటలా గొంతులో పోసే దగ్గర. అతిమధురం బీపీని పెంచగలదు. గర్భిణులు దాన్ని ఎక్కువగా తినొద్దని ఫిన్లాండ్‌లో అధికారికంగానే చెప్తారు. అక్కడ దాంతో చేసిన మిఠాయిలంటే జనం పడిచస్తారు, అయినా చెప్తారు. మన దగ్గర కషాయానికి మోతాదు అడగడం పెద్దవాళ్లను అవమానించడం కిందికి వస్తుంది. ఛాతీలో కఫం కరుగుతుందని చెంచాడు బ్రాందీ పట్టించే ఇళ్లు కూడా లేకపోలేదు. ఆ చెంచాడూ తల్లి రక్తంలోంచి నేరుగా బిడ్డకు చేరుతుంది.

ఇంత చెప్పినా మండలి దగ్గర చివరి అస్త్రం ఒకటుంటుంది: "మా రోజుల్లో అన్నీ వేసుకున్నాం, మాకేమైంది?" ఈ వాదన విన్నప్పుడు మాత్రం నాకు వెటకారం రాదు, ఒక పాత ఘోరం గుర్తొస్తుంది. 1956లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందు మొట్టమొదట అంగడికి వచ్చింది ఒక జలుబు, ఫ్లూ మిశ్రమం రూపంలోనే. తర్వాత నిద్రమాత్రగా, వేవిళ్లకు ఉపశమనంగా, పూర్తిగా నిరపాయమన్న ప్రచారంతో ఎన్నో దేశాల్లో అమ్మారు. 1961 చివర్లో వెనక్కి తీసుకునేలోపు కాళ్లూ చేతులూ సరిగా ఎదగని బిడ్డలు పది వేల మందికి పైగా పుట్టారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి రుజువులు చూపించమని మొండికేసి అనుమతి ఇవ్వలేదు. ఆమె అడిగిన ప్రశ్నను మన ఇళ్లలో ఏ కోడలైనా అడిగితే "పెద్దలకు ఎదురు చెప్తోంది" అంటారు.

మండలి సభ్యులెవరూ ఎన్నడూ రాయని మందు ఒకటుంది, ఫ్లూ టీకా. జలుబుకూ ఫ్లూకూ తేడా ఉంది, ఫ్లూ గర్భిణిని మిగతావారికన్నా గట్టిగా దెబ్బతీస్తుంది. 2009లో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. గర్భిణులు ఈ టీకా వేయించుకోవచ్చు, వేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. దాని ఊసెత్తితే మాత్రం "కడుపుతో ఉండగా సూదేమిటి" అని అందరూ ఒక్కటవుతారు. పక్షాల మధ్య ఐక్యత కుదిరేది ఇక్కడే.

ఉత్త జలుబైతే చాలావరకు వారం, పది రోజుల్లో దానంతటదే పోతుంది. విశ్రాంతి, గోరువెచ్చని నీళ్లు, ఉప్పునీటితో పుక్కిలింత, ముక్కులో సెలైన్ చుక్కలు సరిపోతాయి. జ్వరం తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినట్టున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాలి, అవసరమైతే 108కి ఫోన్ చేయాలి. మందుల షాపుకు వెళ్లే మొగుడు నోరు తెరిచి మొదట చెప్పాల్సింది ఎన్నో నెల అన్నది. నాలుగో నెల నుంచి గర్భిణులకు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డాక్టరు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ లోపు అవసరమొస్తే మీ ఊళ్లో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఉన్నారు. సలహా ఇవ్వాలని నాలుక దురదపెడుతున్న పెద్దలంతా ఆటో డబ్బులు పెట్టుకుని గర్భిణిని ఆ ఆసుపత్రికి తీసుకెళ్లండి. లోపల డాక్టరు అడిగేవాటికి ఆమెనే జవాబు చెప్పనివ్వండి.