ఇంటిపేరు ముందా, వెనకా?

యాప్ స్టోర్ల డెవలపర్ ధ్రువీకరణ విభాగం వారి సముఖానికి,

విషయం: హైదరాబాద్ మాదాపూర్ హాస్టళ్ల నుంచి వచ్చే దరఖాస్తులు.

గూగుల్ ప్లేలో యాప్ పెట్టదలచినవారు ఒకసారి 25 డాలర్లు కట్టి, గుర్తింపు పత్రంతో తాము ఫలానా అని రుజువు చేసుకోవాలి. యాపిల్‌లో రుసుము ఏడాదికి 99 డాలర్లు. సంస్థలకైతే వాటిని గుర్తించే తొమ్మిది అంకెల డన్స్ నంబరు అదనం. ఇంతవరకు పేచీ లేదు. పేచీ పేరు దగ్గరే.

ఫారాలు అడిగేది ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. తెలుగువారికి ఇంటిపేరు ముందుంటుంది. అదే పేరు పదో తరగతి మెమోలో పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, పాన్ కార్డులో చివరికి చేరి కనబడడం మామూలే. మనిషి ఒక్కడే, కాగితాల్లో ముగ్గురు. ఖాతాలో పేరేమో కాగితంతో సరిపోవాలి.

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ప్లే మరో మెట్టు పెట్టింది: యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు 20 మంది టెస్టర్లు 14 రోజులు వరసగా ఉండాలి. 2024 డిసెంబరులో ఆ సంఖ్య 12కు తగ్గింది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టల్లో పన్నెండు మందిని పట్టడం రాత్రి భోజనాల వేళ పని, పప్పు కోసం నిలబడ్డ లైన్లోనే మెయిల్ ఐడీలు రాయించుకోవచ్చు. నిలబెట్టడమే కష్టం. ఆరో రోజున ఒకరు విసుగెత్తి తప్పుకుంటే లెక్క పదకొండుకు పడుతుంది. పైగా యాప్‌తో డబ్బు సంపాదించేవారి పూర్తి చిరునామా ప్లేలో అందరికీ కనబడుతుంది. హాస్టల్ మారినప్పుడల్లా అదీ మార్చుకోవాలి.

కట్టుదిట్టం అక్కర్లేదని కాదు. ట్రాఫిక్ చలానా అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కితే, ఎస్సెమ్మెస్ అనుమతి దొరికిన యాప్ ఓటీపీలు చదివేస్తుంది. ప్లేలో కంటే నెట్‌లో నేరుగా దింపుకునే యాప్‌లలో మాల్‌వేర్ 50 రెట్లకు పైగా ఎక్కువని గూగుల్ లెక్క. అందుకే ప్లే బయట పంచే ఆండ్రాయిడ్ యాప్‌లకూ ధ్రువీకరణ తెస్తామని 2025 ఆగస్టులో ప్రకటించింది: 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేసియా, సింగపూర్, థాయిలాండ్‌లలో, 2027 నుంచి మిగతా దేశాల్లో. ఉచిత సాఫ్ట్‌వేర్ పంచే ఎఫ్‌-డ్రాయిడ్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది.

మళ్లీ పేరు సంగతికి వస్తే, 2025 జూన్ 18న గూగుల్ సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్ హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇంటిపేరు ముందుండే ఇంజినీర్లకు అక్కడ కొదవ ఉండకపోవచ్చు. ఈలోగా మాదాపూర్ వాడుక ఇది: 25 డాలర్లు కట్టకముందే ఒక కాగితం ఎంచుకుని, అందులో ఉన్న వరసలోనే ఖాతా పేరు రాయడం.

ఇట్లు,
ఇంటిపేరు ముందున్న దరఖాస్తుదారులు