కేంద్ర హోం మంత్రిత్వ శాఖ వారికి ఒక పొదుపు ప్రతిపాదన

మహాశయులకు,

దేశ భద్రతకై అహర్నిశలు శ్రమిస్తున్న తమ శాఖకు ఖజానా భారం తగ్గించే ఉపాయమొకటి పౌరులు సవినయంగా విన్నవించుకుంటున్నారు. వాడుకలో ‘ఉపా’గా పిలుస్తున్న చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం కింద శిక్ష తీర్పు కోసం ఆగకుండా ముందుగానే అమలవుతున్నది కనుక, విచారణ అనే ఖర్చును ఇక పూర్తిగా మానుకోవచ్చు.

1985 నాటి టాడా, 2002 నాటి పోటా గడువు తీరితే పోయే ఉగ్రవాద నిరోధక చట్టాలుగానైనా పుట్టాయి. వాటిలోని పలు కఠిన నిబంధనలు 2004, 2008 సవరణల ద్వారా ఉపాలోకి చేరగా, ఈ చట్టానికి మాత్రం గడువన్నది లేదు. దీని గుండెకాయ సెక్షన్ 43డి(5): పోలీసుల కేసు డైరీని, అభియోగపత్రాన్ని చూసి ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిలు ఇవ్వరాదని అది కోర్టును ఆదేశిస్తుంది. ఆ దశలో సాక్ష్యాన్ని లోతుగా తూచరాదని వతాలీ బెయిలు కేసులో సుప్రీంకోర్టు 2019లో చెప్పడంతో, ఆరోపించినవారి కాగితమే ఆరోపణకు సాక్ష్యమైంది. ఇంత సులువైన న్యాయశాస్త్రం మరొకటి ఉండదు.

ఉపా కింద అరెస్టయి, పార్కిన్సన్ వ్యాధితో గ్లాసు పట్టుకోలేని ఫాదర్ స్టాన్ స్వామి, 83 ఏళ్ల వయసులో, 2020 నవంబరులో జైలు నుంచి స్ట్రా, సిప్పర్ కోరితే, బదులు చెప్పడానికి జాతీయ దర్యాప్తు సంస్థ 20 రోజుల వ్యవధి అడిగింది. నీళ్లు తాగే గొట్టం దేశ సమగ్రతకు ముప్పో కాదో తేల్చడానికి ఆమాత్రం సమయం పట్టదా మరి! బెయిలు అప్పీలు పెండింగులో ఉండగానే ఆయన 2021 జులై 5న కన్నుమూశారు.

అమలాపురంలో పుట్టి, చక్రాల కుర్చీలోనే బతికిన ప్రొఫెసర్ సాయిబాబాకు ఉపా కేసులో 2017లో యావజ్జీవ శిక్ష పడింది. ప్రాసిక్యూషన్‌కు ఇచ్చిన అనుమతి చట్టబద్ధంగా లేదని బొంబాయి హైకోర్టు 2022 అక్టోబరు 14న విడుదల చేయమంటే, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును నిలిపివేసింది. 2024 మార్చిలో హైకోర్టు మళ్లీ నిర్దోషి అన్నది. ఏడు నెలలకే హైదరాబాదులో ఆయన మరణించారు. సహనిందితుల్లో ఒకరు 2022 ఆగస్టులో, నిర్దోషిత్వం తేలకముందే, ఖైదీగానే పోయారు.

ఉగ్రవాదం కల్పితమని ఎవరూ అనరు. 2013 దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లను హైదరాబాదు మరువలేదు. అయితే ఆ కేసులో దోషులకు 2016లో శిక్ష పడింది విచారణ జరిగి, సాక్ష్యాలు నిలిచాకనే అన్నది తమ దృష్టికి తేవలసిన సంగతి.

పై పొదుపు ప్రతిపాదన రుచించని పక్షంలో, 43డి(5)ను రద్దు చేసి, ఉపా కేసుల్లోనూ బెయిలును సాధారణ నేరవిచారణ ప్రమాణాలకే వదిలేసే సవరణ బిల్లును పార్లమెంటు ముందుంచవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
పౌరులు