వేలెడు సందు

ఆదోనిలో గానీ ఎమ్మిగనూరులో గానీ ప్రతి వీధికీ ఒక అడుగు గుడ్డ అవ్వ ఉంటుంది. మీరు పోయినప్పుడు కనిపించలేదంటే గుడ్డ వెతకడానికి పక్క ఊరికి పోయిందని అర్థం. వయసు అరవైకీ డెబ్భైకీ మధ్య. నడుముకు వక్కాకు సంచి, చంకలో పేలికల మూట. ఆ పేలికలతో బొంత కుట్టాలన్నది ఆమె సంకల్పం. సంకల్పం పాతదే. మూట మొదటిసారి కట్టిననాడు చంకలో ఉన్న మనవడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

పేలికల దగ్గర ఆమెకు ఏ పేచీ లేదు. దర్జీ ఊడ్చిపోసిన జాకెట్టు ముక్కలు, మోకాలు చిరిగిన యూనిఫాం ప్యాంటులో మోకాలి కింది భాగం, కూతురి సీమంతం చీర కొంగు, ముసలాయన గళ్ల లుంగీ, ఎన్నికలప్పుడు పంచిన రెండు పార్టీల కండువాలు, ఏదైనా సమ్మతమే. పేచీ అంతా వాటికింద పరిచే గుడ్డతోనే. ముక్కలు వాటంతట అవే ఇంటికి వస్తాయి, కింది గుడ్డను మాత్రం మనమే పోయి తెచ్చుకోవాలి అంటుంది. పెళ్లి సంబంధాల గురించి చెప్తున్నట్టే ఉంటుంది ఆ గొంతు.

రజాయిలు కొనుక్కునే కాలంలో పుట్టినవాళ్లకు బొంత సంగతి కొంచెం చెప్పాలి. పాత నూలు చీర అయిదున్నర మీటర్లుంటుంది. దాన్ని పొడవున మూడు మడతలు వేస్తే సరిగ్గా ఆరడుగుల మనిషికి సరిపోయే మూడు పొరలు తయారు. పొరల మీద ఒక మంచి గుడ్డ పరిచి, దానిమీద ముక్కలు పేర్చి, అంచుల నుంచి నడిమధ్యకు దూరపు కుట్టు వేసుకుంటూ పోతారు. కన్నడం మాట్లాడే ఇళ్లలో ఇదే కౌది. ముక్కలన్నీ కుదిరాక ఆ మంచి గుడ్డ కనిపించేదెక్కడ? ముక్కకూ ముక్కకూ నడుమ వేలెడు సందులో. అంతే. ఈ కథంతా ఆ వేలెడు సందు కోసమే.

ఇక రంగుల విచారణ. తెలుపు వద్దు, కప్పుకుంటే కాటికి పోతున్నట్టుంటుంది. నలుపు వద్దు, ఇంట్లో శనివారం పుట్టినవాడున్నాడు. ఎరుపు మంచిదే, కానీ తడి తగిలితే పక్క ముక్కలకు కూడా తన రంగు పంచుతుంది. ఆకుపచ్చ వేస్తే ఆకుపచ్చ ముక్కలన్నీ దాంట్లో మునిగిపోతాయి. పసుపు వేస్తే ఒక పార్టీ, నీలం వేస్తే ఇంకో పార్టీ. పూల గుడ్డ వేస్తే ముక్క ఏదో అడుగు ఏదో పోల్చుకోవడానికి దీపం పట్టుకోవాలి. బూడిద రంగు బాగుంటుందేమో అత్తా అని కోడలు ఒకసారి అంది. కోడలు అన్న తర్వాత ఇంక బూడిద రంగును పరిశీలించే అవకాశం ఎక్కడిది?

న్యాయంగా చెప్పాలంటే ఈ తీర్పుల్లో చాలావరకు సబబే. పేలికల్లో ప్రతిదీ ఒక నోరున్న మనిషి. నలభై నోళ్లు ఒకచోట చేరినప్పుడు కింద ఉన్నది ఊరుకుంటేనే ఏ నోరు ఏమంటోందో వినిపిస్తుంది. అవ్వకు ఇది ఎవరూ నేర్పలేదు. అంగట్లో తాను పరిపించి, దానిమీద మూట విప్పి ముక్కలు చల్లి, నాలుగడుగులు వెనక్కి పోయి కళ్లు సగం మూసి చూస్తుంది. ముందు ముక్కలు కనబడితే గుడ్డ పాసు. ముందు గుడ్డ కనబడితే ఫెయిలు. ఇది లోకంలో ఎక్కడైనా చెల్లే పరీక్ష. చిక్కల్లా ఏమిటంటే, వెనక్కి వేసే ఆ నాలుగో అడుగు ఎప్పుడూ వేరే గిరాకీ కాలి మీద పడుతుంది.

“నాకు నోరు మూసుకొని ఉండే గుడ్డ కావల్ల సామీ,” అని అరగంట నుంచి ఆపకుండా చెప్తూనే ఉంటుంది. అంగడి అతను ఆమె ముఖం వంక చూసి, ఏదో అనబోయి, ఇంకో తాను దించుతాడు.

“పన్నా ఎంత?”

“నలభై నాలుగు అంగుళాలవ్వా.”

“రంగు పోతాదా?”

“పోదవ్వా, గ్యారంటీ.”

గ్యారంటీ అన్న మాట చెవిన పడగానే ఆమె కొంగు కొస నోట్లో తడిపి గుడ్డ మీద రుద్దుతుంది. కొంగుకు రంగు అంటకపోతే అనుమానం రెట్టింపవుతుంది: ఇంత గట్టి రంగంటే ఇది నూలేనా? అంచు నుంచి పోగు లాగుతుంది. వక్కాకు సంచిలోంచి అగ్గిపెట్టె తీస్తుంది. పోగు కాలి బూడిదై, కాగితం కాలిన వాసనొస్తే నూలు. గట్టి పూసలా ముద్దకట్టుకుంటే పాలిస్టరు. పరీక్ష తిరుగులేనిది. కాకపోతే చుట్టూ మూడు గోడల నిండా గుడ్డ ఉన్న గదిలో చేసేది. అంగడివాళ్లు ఆమె చేయి సంచిలోకి పోవడం చూడగానే నీళ్ల చెంబుతో లేచి నిలబడటం నేర్చుకున్నారు.

విచిత్రమేమిటంటే ఇదంతా జరిగేది ఆదోనిలో. పత్తి మార్కెట్ యార్డులో తెల్లటి కుప్పలు, జిన్నింగు మిల్లులు, రోడ్డు మీద పత్తి బోరేల లారీలు, ముళ్లకంపలకు పట్టుకుని వేలాడే దూది. కర్ణాటక పల్లెల నుంచి కూడా రైతులు పత్తిని ఇక్కడికే తెచ్చి అమ్ముకుంటారు. అంత నూలుకు పుట్టినిల్లయిన ఊళ్లో మూడు మీటర్ల నూలు గుడ్డ ఆమెకు దొరకలేదు. అడిగితే, “దూది ఉంటే సరిపోతాదా, గుడ్డ ఉండొద్దా?” అంటుంది. కాబట్టి ఎమ్మిగనూరు ప్రయాణం.

ముప్పై కిలోమీటర్ల దూరం. ఇదివరకు బస్సు చార్జీ గుర్తొచ్చి అయిదారు అంగళ్లతో సరిపెట్టుకునేది. 2025 ఆగస్టు 15న ప్రభుత్వం ఆడవాళ్లకు పల్లెవెలుగులో చార్జీ లేకుండా చేసింది. ఆ పథకం వల్ల ఎంత మేలు జరిగిందో లెక్కలు వేసేవాళ్లు వేస్తారు, ఎమ్మిగనూరు గుడ్డల అంగళ్లకు జరిగింది మాత్రం లెక్కలోకి రాదు. ఆధార్ కార్డు చూపించి, సున్నా టికెట్టు చించుకుని, కిటికీ పక్కన కూర్చుని, మూట ఒళ్లో పెట్టుకుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ల చీర అంచు పట్టుకుని చూసి, “ఇది యాడ తీసుకున్యావు?” అని మొదలుపెడుతుంది.

ఎమ్మిగనూరు అంటే మాటలా. 1938లో మాచాని సోమప్ప చేనేతవాళ్లందరినీ కూడగట్టి సహకార సంఘం పెట్టిన ఊరు. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి మగ్గాల దుప్పట్లూ తువ్వాళ్లూ దేశాలు దాటిపోయాయి. వాటిలో ఒక్కటీ అవ్వ మూట దాటలేదు. నేత మరీ గట్టిది, సూది దిగదు. అదీ కాక కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, మొదటి ఉతుకుకు ముడుచుకుంటుంది. పైనున్న పాత ముక్కలు ముడుచుకోవు, అవి ఏనాడో ముడుచుకున్నాయి. అప్పుడు బొంతంతా ముడతలే. ఇదీ నిజమే. కొన్న గుడ్డను ఒక రాత్రి నానబెట్టి ఉతికి ఆరేసుకుంటే తీరే సమస్య. ఆమె మాత్రం కౌంటరు దగ్గర నిలబడి, “ఒకసారి ఉతికింది ఏమన్నా ఉందా?” అని అడుగుతుంది.

ఎమ్మిగనూరు అవ్వ సంగతేమిటంటారా? ఆమె ఆ పొద్దు ఆదోని బస్సులో ఉంటుంది. సొంత ఊరి గుడ్డ ఎవరికి ఆనుతుంది? రెండు బస్సులు దారిలో ఎక్కడో ఒకచోట ఒకదాన్నొకటి దాటుతాయి. పుష్యమాసంలో నీలకంఠేశ్వరస్వామి జాతరకు ఇద్దరూ ఒకే గుడ్డల దుకాణం ముందు తారసపడతారు. ఒకే తాను రెండు కొసలూ చెరొకరు పట్టుకుని, ఏకకంఠంతో బాగలేదని చెప్పి, స్నేహితులవుతారు.

డిగ్రీ మనవడు ఒక సాయంత్రం ఫోనులో బొమ్మలు చూపించాడు. అమెరికాలో అలబామా రాష్ట్రం, గీస్ బెండ్ అనే పల్లె. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో కుట్టుకున్న బొంతలను 2002లో న్యూయార్కు మ్యూజియంలో గోడలకు వేలాడదీశారు, 2006లో తపాలా బిళ్లల మీద అచ్చేశారు. అవ్వ ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు సగం మూసి చూసింది. “మూల వంకరపోయింది,” అంది. తర్వాత ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ ఆడవాళ్ల బొంత, కవంది చూపించాడు. ఆదోని జామియా మసీదు కట్టించిన సిద్ది మసూద్ ఖాన్ లాగే వాళ్లదీ ఆఫ్రికా మూలమే, ఆ లెక్కన మనకు చుట్టాలేనని వాడి వాదం. వాళ్లు ముక్క పక్కన ముక్క ఆనించి, అడుగు గుడ్డ కనబడకుండా నిండుగా కప్పేస్తారు. ఇది చూసి అవ్వ నిజంగా జాలిపడింది.

“సందే ల్యాకపోతే ఇంగ అడుగు గుడ్డ ఎందుకురా? వాళ్లకు పొద్దెట్ల పోతాది?”

అంతలో మిరపకాయల కాలం వచ్చింది. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి జనం సుగ్గికని గుంటూరు దిక్కు బండ్లెక్కే రోజులు. కొడుకూ కోడలూ కూడా పోవాలి. చేనిగట్టున గుడిసెలో చలికి కప్పుకోవడానికి ఏదో ఒకటి కావాలి. అవ్వ ఏదో చావు పరామర్శకని (దారిలో రెండు అంగళ్లు చూసుకొని) పోయిన పూట, కోడలు మూట విప్పింది. పెట్టె అడుగున పడి ఉన్న బూడిద రంగు పంచె తీసింది. ఉతికి ఉతికి మెత్తబడింది, ఇంక ముడుచుకునే ఓపిక దానికి లేదు, రంగు ఎప్పుడో దిగిపోయింది. పక్కింటి ఇద్దరిని పిలుచుకుని, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, తెల్లారేలోగా కుట్టేసింది.

అవ్వ వచ్చి చూసింది. నాలుగడుగులు వెనక్కి పోయింది. నాలుగో అడుగు పిల్లి మీద పడింది. కళ్లు సగం మూసింది. ముందు ముక్కలే కనిపించాయి.

వీధిలో ఆరేసిన బొంతను చూడటానికి పదిమంది చేరారు. “ఏమవ్వా, కుదిరింది గదా రంగు!” అన్నారు.

“కుదరక?” అంది అవ్వ. “బూడిద రంగే వేయల్లని నేను మొదట్నుంచి చెప్తానే ఉండా. నా కోడలు వింటే గదా!”

అని, కొత్త మూట చంకన పెట్టుకుని బస్టాండు దిక్కు నడిచింది.